సప్తమి పోటు

"పోటు ఎన్నింటికి?"

సైకిలు దిగుతూనే అనంతపద్మనాభం అడిగిన మొదటి ప్రశ్న అది. శవం ఎక్కడుంది, చంపిందెవరు, చూసిందెవరు, ఈ ముక్కలేవీ అడగలేదు. గిలకలదిండి రేవు ఠాణా ముందు కాపలా ఉన్న కానిస్టేబు ఒక్క క్షణం తెల్లబోయి, "రెండుంపావుకండి" అన్నాడు.

పద్మనాభం జేబుగడియారం తీసి చూశాడు. పన్నెండూ ముప్ఫై అయిదు. అంటే గంటా నలభై నిమిషాలు. ఈ గంటా నలభై నిమిషాల్లో ఆయన ఒక ఓడని ఆపాలి, లేకపోతే ఒక మనిషి ఉరికంబం ఎక్కుతాడు.

సంగతేమిటంటే, ఆ ఓడ పేరు సుబ్బరాయుడు. గుడివాడ బియ్యం నింపుకుని కొలంబో వెళ్ళవలసిన తెరచాప ఓడ. వాతావరణం బాగుపడితే కదులుదామని పదకొండు రోజులుగా బందరు రేవులో కాచుకుని కూచుంది. రేవులో సిగ్నల్ కొయ్య మీద నల్ల గుండు ఎక్కి ఉన్నంతసేపూ ఏ ఓడా కదలకూడదు. ఆ గుండు ఇవాళ పొద్దున పదింటికి దిగింది. దిగడానికి గంటన్నర ముందు, అదే కొయ్య కింద, సిగ్నల్ గుమాస్తా సత్యానందం తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ఓడ నడిపే తండేలు పెద్దిరాజు ఆ శవాన్ని ఒళ్ళో పెట్టుకుని పోలీసులకి దొరికాడు. ఇంకేముంది, లాకప్పులో వేసేశారు. పెద్దిరాజు ఎనిమిదిన్నర కావచ్చేదాకా ఓడ మీదే ఉన్నాడని చెప్పగలిగిన పదిమంది కలాసీలూ ఆ ఓడలోనే ఉన్నారు. రెండుంపావుకి సముద్రం పోటెక్కగానే ఓడ వెళ్ళిపోతే మళ్ళీ బందరు ముఖం చూసేది మాఘమాసంలోనే. ఈలోపల సెషన్సు కోర్టు తన పని తాను కానిచ్చేస్తుంది.

పద్మనాభం ఇరవై రెండేళ్ళు లెక్కల మాస్టారు. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అయి ఆరేళ్ళయింది. బందరులో సగంమంది ఆయన్ని ఇప్పటికీ మాస్టారనే పిలుస్తారు, మిగతా సగం వెనకాల నవ్వుకుంటారు. ఆయనకి రెండూ పట్టవు. కానీ ఇవాళ ఎవరూ పిలవకుండానే వచ్చాడు. చచ్చిపోయిన సత్యానందం ఆయన దగ్గర నాలుగేళ్ళు చదువుకున్నవాడు. కూడికలో కూడా తప్పులు చేసేవాడు గానీ, స్కేలు పెట్టి కొలవమంటే వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. అలాంటి అమాయకుణ్ణి ఎవడో తల పగలగొట్టి చంపాడంటే మాస్టారికి కడుపు మండిపోతోంది.

లాకప్పులో పెద్దిరాజు మోకాళ్ళు ముడుచుకుని కూచున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతుల మీద నెత్తురు ఎండి నల్లబడింది, కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నిన్న మధ్యాహ్నం సత్యానందంతో గొడవపడ్డావా?"

"పడ్డానండి."

"ఏమన్నావు?"

"నిన్నీ కొయ్య కిందే పాతేస్తా అన్నానండి. నలభైమంది విన్నారు. లేదని ఎందుకు చెప్పాలి?"

"గుండు దించలేదనా అంత కోపం?"

పెద్దిరాజు తలెత్తాడు. "అందరూ అదే అంటన్నారండి. గుండు ఊసే లేదు. గుండుని చూసుకుని బతికినోణ్ణి, దాంతో నాకేం తగువు?"

"మరి దేనికి?"

"నా ఓడ గురించి నాకే చెప్పాడండి." ఆ మాట అంటుంటే ఇప్పటికీ పెద్దిరాజు గొంతులో రోషం తగ్గలేదు. "నిండా సరుకేసిన ఓడ సప్తమి పోటుకి లేవదండి. అప్పుడు నీళ్ళు తక్కువొస్తాయి కదా, బురదలోనే కూచుంటది. అట్టాంటిది నిన్న సప్తమి పోటుకి నా ఓడ తేలింది. ఎందుకు తేలిందంటే, 'నీ ఓడ తేలిక, సరుకు తక్కువుంది పెద్దిరాజూ' అన్నాడు సత్యానందం. కాదురా, సముద్రంలోనే నీళ్ళెక్కువొచ్చాయన్నాన్నేను. కొలకర్ర తెచ్చి, ఆరడుగులు మునగాల్సింది నాలుగున్నరే మునిగిందన్నాడు. ముప్ఫై ఏళ్ళనించి చుక్కాని పట్టినోణ్ణండి, పదిమందిలో అట్టా అంటే ఎట్టుంటది? నోరు జారాను."

"ఎవరిది నిజం?"

"పొద్దున అయిదింటికి నేనే కొలిచానండి. నాలుగున్నరే. ఆడు చెప్పింది నిజమే. నీళ్ళెక్కువొచ్చింది కూడా నిజమే. ఇద్దరం నిజమే చెప్పుకుని తన్నుకున్నాం."

"ఓడ తేలికగా ఉందని ఎవరికైనా చెప్పావా?"

"చెప్పకుండా ఎట్టాగండి? ఆరింటికల్లా సరుకు ఏజెంటు గోపాలకృష్ణమూర్తిగారి బసకెళ్ళి చెప్పాను. గుడివాడనించి బస్తాలేయించింది ఆయనే. నేనప్పుడు మోపిదేవిలో మొక్కు తీర్చుకోడానికెళ్ళాను, ఎక్కించేటప్పుడు చూడలేదు. నాలుగు బస్తాలు విప్పించి చూద్దామండీ అన్నాను. సరే చూద్దాంలే అన్నారు. మళ్ళీ ఓడ మీదకెళ్ళి పని చూసుకుని, ఎనిమిదిన్నర కావస్తుండగా సత్యానందం దగ్గరికి బయల్దేరాను, తప్పు నాదేరా తమ్ముడూ అని చెబుదామని." ఆగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "వెళ్ళేసరికి ఇంకా వేడిగానే ఉన్నాడండి."

పద్మనాభం తాను కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళజోడుకి ఏమీ అంటలేదు.

"మాస్టారండీ, గుండు దించారంటన్నారు, నిజమేనా? ఎవరు దించారు?" పెద్దిరాజు ఊచల దగ్గరికి వచ్చాడు. "ఒక్కసారి కెరటం వినండి."

బయట ఎండ కాస్తోంది. ఆకు కూడా కదలడం లేదు. దూరాన్నించి కెరటం విరిగిన చప్పుడు ఒకటి బరువుగా వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. పద్మనాభం గడియారం చేతిలో పెట్టుకుని నిమిషంపాటు లెక్కపెట్టాడు. అయిదు.

"మామూలుగా ఎన్ని వస్తాయి?"

"తొమ్మిది, పది. గాలి లేకుండా కెరటం ఇట్టా ఆగి ఆగి వస్తందంటే, ఎక్కడో లోపల పెద్దది పుట్టిందండి. సప్తమినాడు నీళ్ళెక్కువొచ్చింది కూడా అందుకే. నేనైతే గుండు దిగినా కదలను. నేను లేనుగదా, ఏజెంటుగారు చెబితే మా అల్లుడు నరసింహం కదిలిస్తాడు. కుర్రోడు, కాదనలేడు."

ఇంతలో వెనకనించి బూట్ల చప్పుడైంది.

"ట్యూషన్ అయిందా మాస్టారూ?"

ఇన్‌స్పెక్టర్ శేషగిరిరావు. పద్మనాభం అంటే ఆయనకి మొదటినించీ గిట్టదు. కిందటేడు కోడూరు కేసులో తాను పట్టుకున్న ముద్దాయిని ఈ మాస్టారు కోర్టులో నిర్దోషిగా బయటికి తెచ్చాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"శేషగిరిరావుగారూ, ఓడని ఒక్క పోటు ఆపించండి. పదిమంది సాక్షులు అందులో ఉన్నారు."

"పదిమందీ ఈ తండేలు చుట్టాలూ పక్కాలూ. ఏం చెబుతారో నాకు తెలియదా? పదకొండు రోజులు గుండు దించలేదని కక్ష, నలభైమంది ఎదుట బెదిరింపు, చేతులకి నెత్తురు. ఇంతకంటే ఏం కావాలి మీకు? రేఖాగణితంలో రుజువు రాసివ్వమంటారా?"

"ఏ గుండు దించలేదని చంపాడో ఆ గుండు మరి పదింటికల్లా ఎలా దిగింది?"

శేషగిరిరావు మీసం మీద చెయ్యి వేశాడు. "నేనే దింపించాను. పోర్టు ఆఫీసరు మద్రాసు వెళ్ళాడు. గుమాస్తా చొక్కా జేబులో టెలిగ్రాం దొరికింది, సిగ్నల్ దించమని. ఎనిమిదీ పదికి టెలిగ్రాఫు బంట్రోతు తెచ్చి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పాపం, దించబోయేలోపలే వీడు చంపేశాడు. చనిపోయినవాడి డ్యూటీ నేను పూర్తిచేశాను."

"సిగ్నల్ గది చూడొచ్చునా?"

"చూడండి. నా ఎదురుగుండా చూడండి."

సిగ్నల్ గది అంటే కొయ్య పక్కనే ఒక చిన్న పెంకుటిల్లు. శవాన్ని బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర నేల మీద మరక మిగిలింది. పద్మనాభం ఆ మరకని దాటి లోపలికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. క్లాసులో పిల్లలు పలకల మీద లెక్క చేస్తుంటే నిలబడేవాడే, అలాగే.

బల్ల ఉంది. సిరాబుడ్డి ఉంది. గోడకి కొలకర్ర ఆనించి ఉంది. బల్ల మీద చెక్కదిమ్మకి దిగేసిన ఇనపతీగ ఉంది. బందరులో కాగితాలతో బతికే ప్రతి ఇంట్లోనూ ఉండే తీగే అది. వచ్చిన టెలిగ్రాం వచ్చినట్టు దానికి గుచ్చేస్తారు. సత్యానందం గుచ్చడంలో కూడా సత్యానందమే. ప్రతి కాగితానికీ సరిగ్గా నడిమధ్యన చిల్లు.

"ఆ టెలిగ్రాం ఒకసారి ఇవ్వండి."

ఇన్‌స్పెక్టర్ పర్సులోంచి తీసి ఇచ్చాడు. తేదీ ముద్ర ఉండవలసిన మూల చిరిగిపోయి ఉంది.

"పెనుగులాటలో చిరిగి ఉంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పద్మనాభం కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితాన్ని ఎత్తి పట్టుకున్నాడు. కాగితం నడిమధ్యనించి వెలుతురు సన్నగా వచ్చి ఆయన బుగ్గ మీద పడింది.

"ఏమిటి చూస్తున్నారు?"

"సూర్యుణ్ణి" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది గానీ కానిస్టేబు ఎదురుగా ఉన్నాడని ఊరుకున్నాడు.

మూలన గోడకి రెండు పెద్ద మేకులున్నాయి. ఒక మేకుకి, పొద్దున దించిన నల్ల గుండు వేలాడుతోంది. పేము చట్రానికి నల్ల గుడ్డ చుట్టిన గుండు అది. రెండో మేకు ఖాళీ. ఆ మేకు చుట్టూ గోడ మీద దుమ్ము గుండ్రంగా చెరిగిపోయింది. అక్కడ ఉండవలసిన వస్తువు తలుపు పక్కన నేల మీద ఉంది. అది కూడా పేము చట్రానిదే, కాని డోలు ఆకారం. దాని పైకొసకి తాడూ కొక్కీ కొత్తగా బిగించి ఉన్నాయి. దుమ్ములో రెండు అరిచేతుల గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఇదెప్పుడు ఎక్కిస్తారయ్యా?" అని పద్మనాభం కానిస్టేబుని అడిగాడు.

"మహా పెద్ద తుపానొస్తేనేనండి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి చూశాను."

"సామాను లెక్కపెట్టడానికి వచ్చారా మాస్టారూ?" అన్నాడు శేషగిరిరావు.

పద్మనాభం తలుపు వైపు తిరిగాడు. గడియారం చూశాడు. ఒకటీ ఇరవై. గబగబా రేవు వైపు నడిచాడు. లెక్క సగం తేలి, మిగతా సగం కూడా తేలుతుందని తెలిసినప్పుడు ఆయనకి ఎప్పుడూ ఇంతే, కాళ్ళు ఒకచోట నిలవవు.

రేవులో సుబ్బరాయుడు పక్కన ఒక పొడుగాటి నీళ్ళ పడవ ఆగి ఉంది. పడవ మీద జ్ఞానమ్మ ఖాళీ పీపాలు సర్దుకుంటోంది. రేవులో దొరికేది ఉప్పునీరే. ఏ ఓడకి మంచినీళ్ళు కావాలన్నా ఎగువన లాకు దగ్గర కాలవనీళ్ళు నింపి జ్ఞానమ్మ పడవలోనే తేవాలి. మొగుడు పోయినప్పటినించీ పదిహేనేళ్ళుగా ఆవిడదే ఆ పని.

"జ్ఞానమ్మా, లాకునించి ఇక్కడికి ఎంతసేపు పడుతుంది?"

"నిండు పీపాలతోనా? మూడు గంటలండి. తగ్గదు."

"ఇవాళ ఎన్నింటికి వచ్చావు?"

"పదిన్నరకండి."

"గుండు దిగింది పదింటికి కదమ్మా."

జ్ఞానమ్మ చేతిలో పీపా కింద పెట్టింది. "నేనూ అదే అన్నానండి. గుండు దిగకుండా నీళ్ళు ఎక్కించే ఆచారం లేదు గదా, నీళ్ళు పీపాలో పాచిపోతాయి, పైగా గంగమ్మని తొందరపెట్టినట్టవుతుంది, తండేలు ఒప్పుకోడండీ అన్నాను. ఏజెంటుగారు వింటేగా? పొద్దున్నే జట్కా కట్టించుకుని లాకు దగ్గరికి ఆయనే వచ్చారు. గుండు సంగతి నీకెందుకు, నింపుకుని బయల్దేరు అన్నారు."

"ఎన్నింటికి?"

"ఏడు గంటల లాంచీ అప్పుడే ఈల వేసిందండి."

పద్మనాభం కళ్ళు మూసుకున్నాడు. ఏడింటికి. టెలిగ్రాం వచ్చింది ఎనిమిదీ పదికి. అది వస్తుందో రాదో, ఏం చెబుతుందో ఎవరికీ తెలియకముందే, గుండు దిగుతుందని ఒక్క మనిషికి తెలుసు. తెలియడం కాదు, దింపించాలని నిర్ణయించుకున్నాడు. గుండు దిగాక నీళ్ళకి కబురంపితే అవి వచ్చేసరికి ఒంటిగంట, ఎక్కించేసరికి మూడు. పోటు తప్పిపోతుంది. పోటు కోసం తొందరపడి దొరికిపోయాడు, పెద్దమనిషి.

"ఏజెంటుగారికి పిల్లలున్నారా జ్ఞానమ్మా?"

"ఒక్కడే కొడుకండి, ఈశ్వరప్రసాద్ బాబు. ఇరవై రెండేళ్ళు. పదకొండు రోజులూ ఓడ చుట్టూనే తిరిగాడు, నన్నూ కొలంబో తీసుకెళ్ళండీ అని అందరి కాళ్ళూ పట్టుకుంటూ. నాన్నగారు ఊరు దాటనివ్వరు గదా." జ్ఞానమ్మ ఏదో అనబోయి ఆగి, పీపాల వంక తిరిగిపోయింది.

రెండు గంటలకి సుబ్బరాయుడు తాళ్ళు విప్పారు. ఒడ్డున నిలబడ్డవాళ్ళు కేకలు పెడుతున్నారు. ఓడ బురదనించి జారి, గెడలు వేసుకుంటూ మెల్లిగా పాయలోకి మళ్ళింది. అక్కడినించి సముద్రపు మొగ మైలున్నర. గోపాలకృష్ణమూర్తి సిల్కు కండువా భుజాన వేసుకుని, రేవు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. పక్కనే ఇన్‌స్పెక్టర్.

ఇన్‌స్పెక్టరు కోసం ఠాణా అంతా వెతికి, పద్మనాభం పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, పంచె కాళ్ళకి అడ్డంపడుతున్నా లక్ష్యపెట్టలేదు.

"ఆ టెలిగ్రాం తియ్యండి శేషగిరిరావుగారూ. నడిమధ్యన ఏముందో చూడండి."

"ఏముంది? చిల్లు."

"జేబులో దొరికిన కాగితానికి చిల్లెలా వచ్చింది? చిల్లుపడేది తీగకి గుచ్చితేనే. తీగకి గుచ్చేది పని అయిపోయిన కాగితాన్నే. ఇది ఇవాళ వచ్చిన టెలిగ్రాం కాదు. ఎప్పటిదో పాత తుపాను వెళ్ళిపోయినప్పటిది. ఎవరో తీగనించి లాగి, తేదీ ఉన్న మూల చింపి, చచ్చినవాడి జేబులో పెట్టారు. మీరు దాన్ని చూసి గుండు దింపించారు."

శేషగిరిరావు కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. దాన్ని అలా పట్టుకునే ఉన్నాడు.

"మరి ఇవాళ వచ్చిందేదీ?"

"దాంట్లో ఏముందో సత్యానందం చెప్పాడు. మీరు వినలేదు, నేనూ మొదట వినలేదు. టెలిగ్రాం చదవగానే..." అని, పద్మనాభం గోపాలకృష్ణమూర్తిని చూసి చప్పున ఆగిపోయాడు. మిగతా వాక్యం మింగేశాడు. "ఆ సంగతి తర్వాత. ఏజెంటుగారూ, ఏడింటికి లాకు దగ్గర నీళ్ళు ఎందుకు చెప్పారు?"

"ముందుచూపు. తప్పా?" గోపాలకృష్ణమూర్తి గొంతు నిదానంగా ఉంది. "పెద్దిరాజు చెప్పిన తేలిక ఓడ కబుర్లు మీరు కూడా నమ్ముతున్నట్టున్నారు. కోర్టుందిగదండీ, అక్కడ తేల్చుకుందాం."

"బస్తాల్లో బియ్యం బదులు ఊక ఉందని కోర్టులో తేలదు. ఓడ అప్పటికి ఎక్కడుంటుందో మీకు తెలుసు."

"ఊహలతో పెద్దమనుషుల్ని అల్లరిపెట్టకండి మాస్టారూ. ఇన్‌స్పెక్టరుగారూ, నేను భోజనానికి వెళ్ళిరావచ్చునా?"

శేషగిరిరావు ఇంకా ఆ చిల్లునే చూస్తున్నాడు. ఓడ పాయ మలుపు దగ్గరికి చేరింది. తెరచాప ఎక్కిస్తున్నారు. పద్మనాభం చేతిలో ఉన్నది ఒక చిల్లు, ఒక గంట తేడా, అంతే. వాటితో పెద్దిరాజుని బయటికి తేవచ్చునేమో గాని, ఓడని వెనక్కి తేలేడు. ఆయన జీవితంలో మొదటిసారి లెక్క చెయ్యకుండా జవాబు రాశాడు.

"వెళ్ళండి, భోజనం చెయ్యండి" అన్నాడు తాపీగా. "మీ ఈశ్వరప్రసాద్ కూడా ఓడలో అన్నం తింటూ ఉంటాడు ఈపాటికి."

గోపాలకృష్ణమూర్తి ఒక మెట్టు ఎక్కినవాడల్లా ఆగాడు. "వాడు బసలో ఉన్నాడు."

"పొద్దున్నించి చూశారా?"

చూడలేదు. ఆయనకి పొద్దున్నించీ వేరే పనులున్నాయి. కండువా భుజం మీదనించి జారి మెట్ల మీద పడింది. "ఆపండి" అన్నాడు. మొదట మెల్లిగా అన్నాడు, తర్వాత గొంతు చించుకుని అరిచాడు. "ఓడ ఆపండి. ఇన్‌స్పెక్టరుగారూ, సిగ్నల్ ఎక్కించండి."

"గుండు ఎక్కించమంటారా?" అన్నాడు పద్మనాభం.

"గుండు కాదు. పదకొండు రోజులు చూశారు, దాన్ని లెక్కచెయ్యరు. డోలు ఎక్కించండి. టెలిగ్రాంలో డోలనే ఉంది, వాడు డోలే తీశాడు..."

అక్కడ ఆగిపోయాడు. రేవులో అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"డోలు సంగతి నేను మీకు చెప్పలేదు" అన్నాడు పద్మనాభం. "అది సత్యానందానికి తెలుసు, వాణ్ణి చంపినవాడికి తెలుసు. పొద్దున ఏడింటికి, ఎవరూ బస్తాలు విప్పకముందే ఓడ రేవు దాటితే చాలనుకున్నారు మీరు. ఎనిమిదింబావుకి పెద్ద తుపాను వస్తోందని వాడి చేతిలోనే చదివారు. చదివి కూడా, డోలు ఎక్కించబోతున్న వాణ్ణి చంపి ఓడని పంపించారు. పెద్దిరాజు ఉంటే ఓడ కదల్చడని, అతను లాకప్పులో పడితే నోరు మూసుకున్నారు. పదిమంది మనుషులండీ."

శేషగిరిరావు ఇంక ఆగలేదు. తానే కొయ్య దగ్గరికి పరుగెత్తాడు. నల్ల డోలు తెచ్చి, కొక్కీ తగిలించి, కానిస్టేబుతోపాటు తాడు లాగాడు. డోలు కొయ్య చివరికి చేరింది. కానిస్టేబు బేడీలు పట్టుకుని గోపాలకృష్ణమూర్తి దగ్గరికి వెళ్ళాడు. ఇంకొకడు లాకప్పు తాళం తియ్యడానికి పరుగెత్తాడు.

పెద్దిరాజు వస్తూనే కొయ్యని చూశాడు, తర్వాత ఓడని చూశాడు. "మొగ దాటేటప్పుడు కలాసీలెవరూ వెనక్కి చూడరండి. చూడకూడదంటారు."

పద్మనాభం పెద్దిరాజు భుజం పట్టుకున్నాడు. "ఎవరూనా?"

"చుక్కాని పట్టినోడొక్కడే చూస్తాడు. ఈ కొయ్యా, ఆ గిడ్డంగి మూలా ఒక్క గీతలో ఉంటేనే దారి సరిగ్గా ఉన్నట్టు. నరసింహానికి నేర్పాను. గుర్తుందో లేదో."

తెరచాప మొగ వైపు పోతూనే ఉంది. పద్మనాభం చేతిలో గడియారం పట్టుకున్నాడు గాని అందులో ఎంతైందో ఆయనకి కనిపించడం లేదు. తల తిప్పరా నాయనా, ఒక్కసారి తిప్పు, అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు.

తెరచాప ఒక్కసారి వణికింది. తర్వాత కిందికి దిగిపోయింది.

"చూశాడు" అన్నాడు పెద్దిరాజు. "అల్లుడు చూశాడు. లంగరేశాడు."

రేవంతా ఒక్కసారి గొల్లుమంది. శేషగిరిరావు కొయ్యకి ఆనుకుని నుదురు తుడుచుకున్నాడు. పద్మనాభం మెట్ల మీద కూలబడి, బేడీల్లో ఉన్న గోపాలకృష్ణమూర్తి వైపు చూశాడు. ఎంత దుర్మార్గుడైనా తండ్రి గదా అనిపించింది.

"మీ అబ్బాయి ఓడలో లేడండి. నేను అబద్ధం ఆడాను. మీ నోటితో నిజం చెప్పించడానికి నాకు ఇంకో దారి కనబడలేదు."

గోపాలకృష్ణమూర్తి ముఖంలోకి ప్రాణం తిరిగి వచ్చింది. కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టబోయాడు గాని చేతులు బేడీల్లో ఉన్నాయి.

"అబద్ధమేంటండి?" అంది జ్ఞానమ్మ. పడవ అంచున నిలబడి విస్తుపోయి చూస్తోంది. "మీకెట్టా తెలిసిందా అని నేను హడలిపోతన్నాను. ఎవరికీ చెప్పొద్దని చినబాబు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. పొద్దున నాన్నగారి వెనకాలే లాకు దగ్గరికి వచ్చి, ఆయన జట్కా వెళ్ళిపోగానే నా పడవెక్కాడు. పీపాల మధ్య పడుకోబెట్టి, ఓడలోకి నేనే ఎక్కించాను."

గోపాలకృష్ణమూర్తి అరవలేదు. మెట్టు మీద మెల్లిగా కూచుని, ఓడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే ఈశాన్యంనించి మొదటి గాలి వచ్చింది. కొయ్య మీద డోలు అటూ ఇటూ ఊగి కొయ్యకి కొట్టుకుంది. పెద్దిరాజు అప్పటికే జ్ఞానమ్మ పడవలో ఉన్నాడు.

"లంగరేసింది మొగలో, ఇసకమేట మీదండి. పాటు మొదలయింది, ఇరవై నిమిషాల్లో నీళ్ళు లాగేస్తాయి. నీళ్ళు తగ్గితే ఓడ మేట మీద కూచుంటది, ఈ కెరటాలకి చెక్క మిగలదు. వెనక్కి తేవడం నరసింహానికి రాదు, నేనెళ్ళాలి. తెడ్లు నాలుగున్నాయి. జ్ఞానమ్మా, నువ్వొకటి పట్టు."

శేషగిరిరావు బూట్లు విప్పి మెట్ల మీద పెట్టాడు. బెల్టు తీసి కానిస్టేబుకి ఇచ్చాడు. "గుండు దింపించింది నేనే" అని, ఇంకేమీ అనకుండా పడవలోకి దిగి మూడో తెడ్డు అందుకున్నాడు.

నాలుగోది పడవ అడుగున పడి ఉంది. పద్మనాభానికి ఈత రాదు. గడియారం తీసి కానిస్టేబు చేతిలో పెట్టి, పంచె ఎగగట్టి, పడవెక్కాడు.